టూరు సైకిలుకి కట్టిన తాయెత్తు

తన సైకిలుని ఎవరికైనా ఇచ్చెయ్యమని అక్క నాతో అన్న రోజు నాకు అన్నం సహించలేదు. మా అక్క సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. చోడవరంలో ఆమె పేరు తెలియని వాళ్ళు కూడా ‘సైకిలు టీచరుగారు’ అంటే ఇల్లు చూపిస్తారు. స్కూలుకీ, కూరగాయలకీ, పోస్టాఫీసుకీ, ఎవరింట్లో పిల్ల చదువు మానేసిందని తెలిస్తే ఆ ఇంటికీ, అన్నిటికీ సైకిలే. ఉద్యోగం అయిపోయాక కూడా పొద్దున్నే ఒక చుట్టు తిరిగొస్తే గానీ ఆమెకి కాఫీ దిగేది కాదు. కిందటేడు పెరట్లో తడి నేల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ వేళ్ళు మూసుకోవడం మానేశాయి. గ్లాసు పట్టుకుంటుంది, జడ మాత్రం వేసుకోలేదు. “చెయ్యి బాగానే ఉందిరా, పిడికిలే లేదు” అని ఎవరడిగినా నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది, ఎందుకంటే అది మా అక్క నవ్వు కాదు.

ఒకసారి ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి చూసిందట. అక్క ఇల్లూ మా ఇల్లూ ఉన్న వీధి చివర మెయిన్ రోడ్డు వైపు చిన్న పల్లం ఉంది. అక్కడ బ్రేకు వెయ్యాల్సి వచ్చింది. ముందు చక్రం బ్రేకు కుడి చేతిది, అది లాగడానికి వేళ్ళు రాలేదు. ఎడమ చేతిది వెనక చక్రానికి. అదొక్కటే పట్టేసరికి బండి కంకర మీద పక్కకి జారిపోయింది. చివరికి ఎవరిదో ప్రహరీ గోడకి కాళ్ళు తన్ని ఆగింది. దెబ్బలేం తగల్లేదు. కానీ ఆ సాయంత్రమే సైకిలు మీద పాత చీర కప్పి తన ఇంటి మెట్ల కింద పెట్టేసి, నన్ను పిలిచి, మన వీధిలో ఇంటర్ చదివే పిల్ల ఒకతె ఉంది, దసరాకి దానికి ఇచ్చెయ్యి అంది. ఉత్తినే మూల పడుంటే చూడలేనంది. నేను చూద్దాంలే అని తప్పించుకున్నాను. బేంకులో పనిచేసినన్నాళ్ళూ చూద్దాం అనే మాటతో ఎంతోమందిని తిప్పి పంపాను గానీ అక్క దగ్గర ఆ మాట ఎక్కువ రోజులు చెల్లదని నాకు తెలుసు.

నేను చెయ్యగలిగిందేమీ లేదు. డాక్టరుని కాను. అయితే చేతులు కట్టుకుని కూర్చునే రకాన్ని కూడా కాను. అక్కని ఇంట్లోంచి బయటికి లాగాలంటే ఆమెకి పెత్తనం చెయ్యడానికి ఒక పని దొరకాలి, తప్పులు పట్టడానికి ఒక మనిషి దొరకాలి. ఆ మనిషిని నేనున్నాను. పని కోసం వెతుక్కుంటూ మా ఇంటి అటక మీదికి ఎక్కాను. అక్కడ గోనె గుడ్డల్లో చుట్టి, దూలానికి వేలాడదీసి, నాన్న టూరు సైకిలు ఉంది.

ఆ పేరు గురించి చెప్పాలి. నాన్న చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు తోటలు చూసే ఉద్యోగంలో ఉండేవారు. చీడికాడ, రావికమతం, మాడుగుల వైపు పల్లెలన్నీ తిరిగి, ఏ తోట ఎప్పుడు నరకాలో రైతులకి చెప్పి రావడం ఆయన పని. ఆఫీసు భాషలో దాన్ని టూరు అనేవారు. నాన్న టూరుకి వెళ్ళే సైకిలు కనక అది టూరు సైకిలు. నేను ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి రిపేరు నేర్చుకుంటుంటే, ఒక పెద్దమనిషి అచ్చం అలాంటి సైకిలునే చూపించి దీన్ని టూరింగ్ సైకిల్ అంటారు, దూరప్రయాణాల కోసం చేసిన రకం అన్నాడు. మా నాన్న ఉద్యోగం సంగతి వీడికెలా తెలిసిందా అని ఒక్క క్షణం నిజంగా ఆశ్చర్యపోయాను. మా ఆవిడకి చెబితే ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తిరిగి వెళ్ళిపోతూ దాన్ని నాన్నకి ఇచ్చి వెళ్ళాడు. మన ఊళ్ళ నల్ల సైకిళ్ళలా కాకుండా సన్నగా, ఆకుపచ్చగా ఉండేది. వెనక చక్రానికి పళ్ళ చక్రాలు ఒకదాని పక్కన ఒకటి మెట్లు మెట్లుగా ఉండేవి. అన్నిటికన్నా వింత దాని హేండిలు. పొట్టేలు కొమ్ముల్లా ముందుకెళ్ళి కిందికి వంపు తిరిగేది. పల్లెల్లో దాన్ని కొమ్ముల సైకిలు అనేవారు. చెరుకు బాబు వస్తున్నారని చెప్పక్కర్లేదు, కొమ్ముల సైకిలు కనపడిందంటే చాలు, రైతు గట్టు మీదికి వచ్చేసేవాడు. నాన్న షోకు మీద అలాంటి సైకిలు పెట్టుకున్నారని ఊరంతా అనుకునేది. మేమూ అలాగే అనుకుని గర్వపడేవాళ్ళం.

టూరు ఉన్న రోజు ఇల్లు తెల్లవారకముందే మేలుకునేది. వంటింట్లో మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, కట్టెల పొయ్యి రాజేసేది. ఆ పొగ, తిరగమోతలో ఇంగువ, వీధి అరుగు మీద నాన్న చైనుకి రాస్తున్న నూనె, మూడూ కలిసిన వాసన నాకు ఇప్పటికీ ప్రయాణం వాసన. నాన్న స్నానం చేసి, పంచె మడిచి కట్టి, కుడి చేతి మీద తువ్వాలు వేసుకుని చద్దన్నానికి కూర్చునేవారు. ఆయన చెమ్చాతో తినేవారు. అదీ ఎడమ చేత్తో. ఎడమ చేత్తో తింటే మమ్మల్ని తిట్టే మామ్మ నాన్నని మాత్రం ఏమీ అనేది కాదు. పక్కింటివాళ్ళు అది దొరల దగ్గర నేర్చుకున్న అలవాటని చెప్పుకునేవారు. అమ్మ కేరియరులో పులిహోరో, పెరుగన్నమో సర్ది, కాగితంలో ఆవకాయ ముక్క పెట్టి, వెనక స్టాండుకి తాడుతో బిగించేది.

బయల్దేరేటప్పుడు మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. నాన్నని వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. కేరియరు మర్చిపోయినా, గొడుగు మర్చిపోయినా సరే, పరుగెత్తుకెళ్ళి ఆయన ముందుకి వచ్చి నిలబడి అప్పుడు చెప్పాలి. వెనక నుంచి పిలిస్తే పని చెడుతుందని అందరిళ్ళలోనూ అనే మాటే కదా అనుకునేవాళ్ళం. కానీ మామ్మ దాన్ని ప్రయాణాలకే కాదు, అన్నిటికీ పాటించేది. నేను అరుగు మీద లెక్కలు చేసుకుంటున్నా, అక్క పూలు గుచ్చుతున్నా, పనిలో ఉన్న మనిషిని ఆవిడ పేరు పెట్టి కేకెయ్యడం నేనెప్పుడూ వినలేదు. మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి, మనం తలెత్తి చూశాక అప్పుడు మాట్లాడేది.

అసలు సంగతి అమ్మ మాకు ఎప్పుడో ఒకసారి, గొంతు తగ్గించి చెప్పింది. నాన్న కుర్రతనంలో మా వాళ్ళకి సొంత చెరుకు గానుగ ఉండేది. బెల్లం వండే రోజుల్లో మామ్మ పొయ్యి దగ్గర మంట చూసుకునేది, నాన్న గానుగలోకి చెరుకు పెట్టేవారు. ఒకనాడు అన్నానికి రమ్మని మామ్మ కేకేసింది. వస్తన్నానని చెప్పడానికి నాన్న తల తిప్పారు. కుడి చెయ్యి చెరుకుతో పాటు లోపలికి వెళ్ళిపోయింది. బొటనవేలు మిగిలింది. దాని పక్క రెండు వేళ్ళు పోయాయి. చివరి రెండూ ఉన్నాయి గానీ వంకరపోయి బిగుసుకుపోయాయి. ఆ తరవాత గానుగ అమ్మేశారు. మా ఇంట్లో నాన్న చెయ్యి అనే మాట వినపడేది కాదు. మామ్మ ముందు ఆ ప్రస్తావన వస్తే ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టేది కాదని అమ్మ చెప్పింది. తువ్వాలు అందుకే. చెమ్చా అందుకే. ఇవి మాకు తెలుసు. తెలిసినా పిల్లలం కదా, అందరి నాన్నలకీ ఏదో ఒకటి ఉంటుంది, మా నాన్నకి చెయ్యి అలా ఉంటుంది అనుకుని మర్చిపోయాం.

నాన్న తిరిగొచ్చే వేళకి దీపాలు పెట్టేవారు. సైకిలు గంట కంటే ముందు వాసన వచ్చేది. చెరుకు ఆకుల పచ్చి వాసన, ఎండలో కాగిన రబ్బరు వాసన, ఏ బెల్లం వండే చోటో ఆగితే ఆ తీపి ఆవిరి బట్టలకి పట్టిన వాసన. మాడుగుల వైపు వెళ్ళిన రోజు మాత్రం హల్వా పొట్లం నేతి వాసన వీటన్నిటినీ ఓడించేసేది. చక్రాలకి అంటిన మట్టి రంగు చూసి ఏ ఊరు వెళ్ళొచ్చారో నేనూ అక్కా పందేలు కాసుకునేవాళ్ళం. ఎంత అలిసిపోయినా సైకిలు తుడిచి, చక్రాలు తిప్పి చూసి, గోడకి ఆనించాకే ఆయన కాళ్ళు కడుక్కునేవారు. ఆ సైకిలు మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అంత మెత్తని మనిషి ఆ ఒక్క విషయంలో కఠినంగా ఉండేవారు.

ఇక తాయెత్తు. సైకిలు వచ్చిన కొత్తల్లో నాన్న ఒకరోజు అనకాపల్లి వెళ్ళొచ్చారు. వచ్చేసరికి హేండిలు కింద, సరిగ్గా మధ్యలో, వేలెడంత ఇత్తడి ముక్క ఒకటి వేలాడుతోంది. రెండు కొనలూ గుండ్రంగా, మధ్యలో కొంచెం లావుగా, చూడ్డానికి అచ్చం పిల్లల మొలతాటికి కట్టే తాయెత్తులా ఉంది. అటూ ఇటూ తీగలతో బిగించి ఉంది. మామ్మ వీధిలోకి వచ్చి, నాన్న ఎదురుగా నిలబడి, దాన్ని తేరిపార చూసింది. నేను అరుగు మీదే ఉన్నాను.

“ఏట్రా బాబూ అది, కొత్తగా కట్టేవు?” అంది.

నాన్న చైను తుడుస్తున్నవారు ఒక్క క్షణం ఆగారు. “తాయెత్తేనమ్మా” అన్నారు. “దారిలో ఏటీ అవ్వకుండా.”

మామ్మ ఇంకేమీ అడగలేదు. చెయ్యి చాపి దాన్ని ఒకసారి తడిమి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాతి శుక్రవారం దేవుడి పూజ అవగానే పసుపు కుంకాల గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చి, ఆ ఇత్తడి ముక్క నడుముకి పసుపు రాసి, బొట్టు పెట్టింది. తరవాత దీపం కుందె దగ్గర పెట్టుకునే కొబ్బరినూనె తెచ్చి, దాని రెండు కొనలకీ చెరో చుక్క వేసింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అదే తంతు. నాన్న సైకిలు పట్టుకుని బుద్ధిగా నిలబడేవారు. అప్పటికే సైన్సు పుస్తకాలు చదివి అన్నీ తెలుసనుకునే మా అక్కకి ఇది చూస్తే నవ్వాగేది కాదు. సైకిలుకి దిష్టేంటి మామ్మా, దానికేమైనా జొరం వస్తుందా అని ఏడిపించేది. మామ్మ కోప్పడేది కాదు. “నీకెప్పుడో తెలుస్తాదిలేయే” అని మాత్రం అనేది.

ఆ సైకిలుని నేను ఒక్కసారే తొక్కాను. నాన్న నిద్రపోతున్న ఆదివారం మధ్యాహ్నం దొంగతనంగా తీశాను. వీధి చివరి పల్లంలో, ఇప్పుడు అక్క జారిన ఆ పల్లంలోనే, ఎదురుగా గడ్డిబండి అడ్డం వచ్చింది. కుడి చేతి బ్రేకు పళ్ళు బిగించి లాగాను. లివరు వచ్చి హేండిలుకి తగిలింది గానీ సైకిలుకి ఏమీ పట్టలేదు. నేను తిన్నగా వెళ్ళి గడ్డిలో దూరాను. గడ్డి కాబట్టి సరిపోయింది. తాయెత్తు చలవ వల్ల బతికానని మామ్మ దిష్టి తీసింది. నాన్న సైకిలుకేమైందో చూడలేదు. నా మోచేతులు, మోకాళ్ళు తడిమి చూశారు. తరవాత, “అది నా సైకిలురా. నాకే అది. ఇంకెవరికీ పనికిరాదు” అన్నారు. అంత ప్రాణం ఏమిటి ఒక సైకిలు మీద అని నేను ఉడుక్కున్నాను.

నాన్న పోయారు, మామ్మ అంతకు ముందే పోయింది, అమ్మ కూడా వెళ్ళిపోయింది. సైకిలు అటకెక్కింది. దాన్ని దించి వీధి వరండాలో తలకిందులుగా నిలబెట్టినప్పుడు మా ఆవిడ నా మొహం కేసి, సైకిలు కేసి చూసి, ఇద్దరిలో ఎవరి కీళ్ళు ముందు ఊడతాయో చూస్తానంది. నేను పాత చాప పరిచి పని మొదలుపెట్టాను. తుప్పు పట్టిన మరలకి కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టాను. చక్రాల ఇరుసులు విప్పి, లోపలి బేరింగు గుళ్ళు పళ్ళెంలో వేసి తుడిచాను. అనుకున్నట్టే అక్క పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేది. చైను అలా కాదు, ఇలా విప్పాలనేది. గుళ్ళు దొర్లిపోకుండా పళ్ళెంలో గుడ్డ పరచమనేది. గట్టిగా తిట్టేది కూడా. ఆ తిట్లు వింటుంటే నాకు కడుపు నిండిపోయేది.

బ్రేకు వైర్లు తుప్పుతో ముద్దకట్టుకుపోయి ఉన్నాయి. విప్పే ఓపిక లేక కటింగ్ ప్లేయరుతో కత్తిరించేశాను. కుడి లివరుకి అసలు వైరే లేదు, ఎప్పుడో తెగిపోయి ఉంటుందనుకున్నాను. తాయెత్తుకి ఉన్న తీగలు కూడా అలాగే తెంపి, పసుపు కుంకాలు గట్టిపడి పెచ్చుకట్టిన ఆ ముక్కని కళ్ళకద్దుకుని దేవుడి గదిలో మామ్మ ఫొటో ముందు పెట్టాను. అక్క నన్ను చూసి తల కొట్టుకుంది. ఇంకా ఆ తాయెత్తు ఏమిటిరా, చదువుకున్నవాడివి అంది.

ఫ్రేముకి పాత రంగు గీకించి అదే ఆకుపచ్చ వేయించాను. అక్కడితో ఆగలేదు. ఈ రోజుల్లో ఫోనులో నొక్కితే ఏ దేశం సామానైనా గుమ్మంలోకి వస్తుంది కదా. కొత్త టైర్లు, మెత్తని సీటు, రాత్రిపూట కళ్ళు జిగేల్మనిపించే లైటు, పల్లం వచ్చినా ఎత్తు వచ్చినా కాళ్ళకి తెలియనివ్వని కొత్త పళ్ళ చక్రాలు, అన్నిటికన్నా ముఖ్యంగా కొత్త బ్రేకుల జత, రెండు లివర్లు, రెండు వైర్లు, ముచ్చటగా బిగించాను. నాన్న ఈ సుఖాలేవీ ఎరగకుండానే కంకర రోడ్ల మీద, వానల్లో, చెరుకు బళ్ళ గాడుల్లో అన్ని ఊళ్ళు తిరిగారు. ఇవాళ నేను రావికమతం వెళ్ళాలంటే షేర్ ఆటోలో ముందు సీటు ఖాళీ లేదని ఇంకో ఆటో కోసం నిలబడతాను. ఆయన టూరు దూరాన్ని ఒకసారి మనసులో కొలుచుకుని చూస్తే నాకు సిగ్గు వెయ్యలేదు గానీ, ఆ మనిషి మీద గౌరవం మాత్రం వరండా నిండా పరుచుకుంది.

దసరాకి కొద్ది రోజుల ముందు పని పూర్తయింది. సైకిలుని వీధిలో నిలబెట్టి అక్కని రమ్మన్నాను. ఆమె చుట్టూ తిరిగి చూసింది. నా జీవితంలో మొదటిసారి తప్పు పట్టలేదు. దగ్గరికి వచ్చి హేండిలు మీద రెండు చేతులూ వేసింది. కుడి అరచెయ్యి ఆ కొమ్ము వంపులో, దాని కోసమే చేసినట్టు, సుఖంగా ఒదిగిపోయింది. వేళ్ళు మూసుకోనక్కర్లేకుండానే చెయ్యి నిలిచింది. ఆమె ఆ చేతిని చూసుకుంటూ అలాగే నిలబడిపోయింది. తరవాత వేళ్ళతో కుడి లివరు లాగబోయింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. నేను మొహం తిప్పుకున్నాను.

“ఒరే” అంది అక్క. “నాన్న బ్రేకు ఎలా వేసేవోరురా?”

నాకు మొదట ప్రశ్న అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆ వేళ్ళతో ఆయన కుడి బ్రేకు లాగడం అయ్యే పని కాదు. చీడికాడ దారి దిగుళ్ళలో, ఎడ్లబళ్ళ మధ్య, వాన బురదలో, ఒక్క వెనక బ్రేకుతో ఎవడూ అన్నేళ్ళు తిరగలేడు. ఇంతకాలం ఆయన్ని చూసిన మేమిద్దరం, పక్కన కూర్చుని చైను తుడవడం చూసినవాళ్ళం, ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేసుకోవడానికి అక్క పిడికిలి పోవలసివచ్చింది.

అక్కే ముందు కదిలింది. నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళి తాయెత్తు పట్టుకొచ్చింది. వంటింట్లోంచి చింతపండు తెమ్మంది. నేను పట్టుకుంటే ఆమె ఎడమ చేత్తో తోమింది. ఏళ్ళ నాటి పసుపు, కుంకం ముద్దలు ముద్దలుగా కరిగి మా ఇద్దరి చేతులూ ఎర్రగా అయ్యాయి. నడుము దగ్గర ఇత్తడి మెరిసింది. ఒక కొనకి ఒక కన్నం, రెండో కొనకి రెండు కన్నాలు, మూడింటిలోనూ నేను తెంపిన వైరు మొదళ్ళు. ఒక వైపు నుంచి ఎడమ లివరు వైరు వచ్చి దీనిలో ఆగుతుంది. రెండో వైపు నుంచి రెండు వైర్లు బయల్దేరి ఒకటి ముందు చక్రానికి, ఒకటి వెనక చక్రానికి వెళ్తాయి. ఎడమ చెయ్యి ఒక్కటి లాగితే రెండు చక్రాలూ పట్టుకుంటాయి. నాన్న అనకాపల్లిలో ఏ ఇత్తడి పనివాడి పక్కనో కూర్చుని పోత పోయించుకున్నది అది. కుడి లివరుకి వైరు తెగిపోలేదు, మొదటి నుంచీ లేదు. నలుగురి కళ్ళకీ మామూలు సైకిలులా కనపడాలని ఆ లివరుని ఊరికే వదిలేశారు. నేను గడ్డిబండి ఎదురుగా పళ్ళు బిగించి లాగింది ఆ ఉత్త లివరునే. ఇంకెవరికీ పనికిరాదు అన్న మాట కోపం కాదని, భయమని, ఇన్నాళ్ళకి తెలిసింది. ఆ కొమ్ముల హేండిలు కూడా షోకు కాదు.

“మరి తాయెత్తని ఎందుకు చెప్పేరు?” అన్నాను. అంటుండగానే జవాబు నాకే తెలిసిపోయింది. బ్రేకని చెబితే, ఎందుకిలా అని అడగాలి. ఎందుకో చెప్పాలంటే చెయ్యి మాట రావాలి. చెయ్యి మాట వస్తే మామ్మకి గానుగ దగ్గర తను వేసిన కేక వినపడుతుంది. ఒక్క చిన్న అబద్ధంతో నాన్న ఆ కేకని ఆపారు.

అక్క ఇంకా ఆ ఇత్తడి ముక్కని తిప్పి తిప్పి చూస్తోంది. కొనల దగ్గర వేలు పెట్టి రాసింది. “ఇక్కడ పసుపు రాయలేదు, చూసేవా?” అంది. నిజమే. తోమినప్పుడు పసుపంతా నడుము నుంచే ఊడింది. వైర్లు దూరే చోట పసుపు రవ్వ కూడా లేదు, నూనె జిడ్డు మాత్రం నల్లగా పేరుకుపోయి ఉంది. ప్రతి శుక్రవారం రెండు కొనలకీ చెరో చుక్క. వైరు బిగుసుకోకుండా, తుప్పు పట్టకుండా, ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడ.

“మామ్మకి తెలుసురా” అంది అక్క. “తెలిసే రాసింది.”

ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చుండిపోయాం. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. అమ్మ బాధపడకూడదని కొడుకు అబద్ధం చెప్పాడు. కొడుకు తృప్తి చెడకూడదని తల్లి ఆ అబద్ధానికి బొట్టు పెట్టి, బతికినన్నాళ్ళూ పూజ చేసింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకరినొకరు అలా కాపాడుకున్నారు. మేం ఇప్పుడు ఇంట్లో ప్రతిదీ మాట్లాడుకుంటాం, పక్క గదిలో ఉన్నవాడికి కూడా ఫోను చేసి మరీ చెప్పుకుంటాం. మంచిదే, కాదనను. కానీ మాట్లాడకుండా అంత ప్రేమగా ఉండటం మాకెవరికీ చేతకాదు.

నాన్న సైకిలుకి అడ్డ కడ్డీ ఉంది, చీరతో ఎక్కడం కుదరదు, అందుకని ఆ సాయంత్రమే వాళ్ళింటి మెట్ల కింద నుంచి అక్క సైకిలు తీసుకొచ్చాను. అదీ వైరు బ్రేకుల సైకిలే. చీర తీసి, దుమ్ము దులిపి, నాన్న ఇత్తడి ముక్కని దాని హేండిలు కింద బిగించాను. నాన్న సైకిలుకి అలాంటిదే ఇంకోటి పోత పోయించుకోవచ్చు, నాకేం తొందర లేదు, నాకు రెండు పిడికిళ్ళూ ఉన్నాయి. వైర్లు సరిచెయ్యడానికి మర్నాడు కూడా పట్టింది. ఒకటి ముందు పడి ఇంకోటి వెనక పడితే లాభం లేదు, రెండూ కలిసి పట్టాలి. అక్క పక్కనే కూర్చుని, నా పని మీద నాకే విసుగొచ్చేదాకా సరిచేయించింది. ఇంటర్ చదివే పిల్లకి వేరే సైకిలు చూద్దామని తనే అంది. ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడకుండా అంది.

దసరా నాడు పొద్దున్న వీధిలో అందరూ మోటారు సైకిళ్ళు కడిగి బంతిపూల దండలు వేస్తున్నారు. అక్క స్నానం చేసి వచ్చి, నా పూజ అయ్యేదాకా ఆగింది. తరవాత పసుపు కుంకాల గిన్నె తీసుకుని, వంగి, ఇత్తడి ముక్క నడుముకి పసుపు రాసి బొట్టు పెట్టింది. రెండు కొనలకీ చెరో చుక్క నూనె వేసింది. సైకిలుకి దిష్టేంటని మామ్మని ఏడిపించిన మనిషిని ఒక్కమాటైనా అనకుండా ఎలా ఊరుకోను?

“ఏటక్కా, సైన్సు టీచరువి, నువ్వు కూడానా?” అన్నాను.

“తాయెత్తే కదరా” అంది.

సైకిలెక్కి, ఒకసారి కాలు నేలకి తన్ని, బయల్దేరింది. మొదట కొంచెం తడబడింది, తరవాత నిలదొక్కుకుంది. కుడి అరచెయ్యి ఊరికే హేండిలు మీద ఆనించి ఉంది. పల్లం మొదలైంది. అదే కంకర. మెయిన్ రోడ్డు మీద మాడుగుల వెళ్ళే బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తోంది. నా గొంతులోకి అక్కా అనే కేక వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపేశాను. అక్క ఎడమ చెయ్యి బిగించింది. రెండు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి, సైకిలు ఇంచైనా పక్కకి జారకుండా రోడ్డు అంచున ఆగింది, అక్క కాలు నిదానంగా నేల మీద మోపింది. బస్సు వెళ్ళిపోయింది.

నేను పరుగులాంటి నడకతో పల్లం దిగి, ఆమెని దాటి, ముందుకు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అక్క తలెత్తి చూసింది. అప్పుడు పిలిచాను.